నలుగురు ఖాళీ అన్న చోటు

ఆ పిల్ల చేత అబద్ధం రాయించింది మీరే. హైదరాబాదులో మీ కంపెనీ ఏసీ గదిలో కూర్చుని "ఐదుగురిలో నలుగురు చెప్పిందే నిజం, ఐదో మనిషి చెప్పింది తప్పు" అని నియమం రాసింది మీరే. దాని కింద సంతకాలు పెట్టిన పెద్ద చదువుల వాళ్ళూ మీరే. ఇరవై మూడేళ్ళ పిల్లకు కళ్ళుండి లేకుండా చేశారు. రక్తం కారలేదు గనక కేసు లేదు, అంతే.

మీ మీద వేసి నేను తప్పించుకోను. మీ నియమాన్ని మోసుకెళ్ళి ఆమె ముందు పెట్టింది నేను. ఆ పిల్ల పేరు పుష్పలత, మా అన్న బిడ్డ. నేను దానికి చిన్నాయనను. జరిగింది జరిగినట్టు రాస్తాను. సొగసు కావాల్సిన వాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

సారపాకలో ఎరువుల దుకాణం మీద ఒక పెద్ద గది ఉండేది. ఇరవై రెండు కంప్యూటర్లు, ఇరవై రెండు మంది ఆడపిల్లలు. సగం మంది మా కోయ గూడేల వాళ్ళు, సగం మంది తండాల వాళ్ళు. పొద్దున తొమ్మిదింటికి షేర్ ఆటోల్లో వచ్చి సాయంత్రం ఐదింటికి పోయేవాళ్ళు. వాళ్ళ పని ఆకాశం ఫోటోలు చూడటం. ఎక్కడో దక్షిణ దేశాల కొండ మీద పెద్ద టెలిస్కోపు తీసిన ఫోటోలు. వాటిలో వెతకాల్సింది ఏమిటో మొదట నాకూ అర్థం కాలేదు. ఖమ్మంలో ఫిజిక్స్ చెప్పే నిర్మలాదేవి మేడం మా గూడెం వచ్చి చెప్పింది. పుష్పలత ఆమె దగ్గరే డిగ్రీ చదివింది. ఆ ఉద్యోగం చూపించింది కూడా ఆమే.

"విశ్వంలో గెలాక్సీలు అన్ని చోట్లా సమానంగా లేవండీ," అన్నది మేడం. "గుంపులు గుంపులుగా, దారాల్లాగా అల్లుకుని ఉంటాయి. వాటి మధ్య పెద్ద పెద్ద ఖాళీలు. వెలుతురు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దాటాలంటే కోట్ల ఏళ్ళు పట్టే ఖాళీలు. ఆ ఖాళీల్లో కూడా చిన్న చిన్న మరుగుజ్జు గెలాక్సీలు ఉండాలని లెక్కలు చెబుతున్నాయి. వెతికితే లెక్క చెప్పినన్ని దొరకటం లేదు. అసలు లేవా, మనకు చూడటం రావటం లేదా? తేలాల్సింది అదే."

మా అయ్య జంపయ్య గూడెం పెద్ద. తాటాకు చాప మీద కూర్చుని అంతా విన్నాడు. "మిషన్లు లేవా గవి చూడనీకి?" అన్నాడు.

"ఉన్నాయి తాతా. కానీ యంత్రానికి మసక మసకగా ఉన్నవి తెలియవు. అద్దం మీద పడ్డ వెలుగు మరకకూ, నిజం గెలాక్సీకీ తేడా అది చెప్పలేదు. మనిషి కన్నే చెప్పాలి."

"అవ్, గట్ల చెప్పు," అన్నాడు అయ్య. పుష్పలత వైపు చూసి నవ్వాడు.

ఆ నవ్వుకు కారణం ఉంది. ఇప్పపువ్వు కాలంలో మా ఇంట్లో అందరికంటే ఎక్కువ పువ్వు ఏరేది పుష్పలతే. తెలతెలవారుతుండగా ఎండుటాకుల మీద రాలిన పువ్వు ఆకు రంగులోనే ఉంటుంది. పిల్లలు కళ్ళు చించుకుని చూసి దాని మీదే కాలేసి నడుస్తారు. అది మాత్రం పువ్వును నేరుగా చూసేది కాదు. పక్కన చెట్టు మొదలు చూస్తూ చెయ్యి ఇటు చాపేది. చేతిలో పువ్వు ఉండేది. "సూటిగ చూస్తె పారిపోతది చిన్నాయినా, పక్కకు చూస్తె నిలవడ్తది," అనేది.

గదిలో కూడా అట్లాగే చూసిందట. ఫోటోను చిన్నది చేసి, తెర మీదా తన తల మీదా కలిపి దుప్పటి కప్పుకుని, తెర అంచు వైపు చూస్తూ కూర్చునేది. పక్క సీటు సంగీత తండా పిల్ల, నోరు జాస్తి. "ఏందే, గుడ్లు పొదుగుతున్నవా లోపల? పిల్లలయితె నాకో కోడిపిల్ల ఇయ్యి," అనేదట. గది అంతా నవ్వేది. పుష్పలత దుప్పటి లోపలి నుంచే, "నీకు పుంజునిస్త తియ్యి, నీ నోటికి జోడు కుదుర్తది," అనేది.

ఇక మీ నియమం సంగతి. ఒక్కో ఫోటో ఐదుగురికి పోతుంది. ఒకరు ఏం నొక్కారో ఇంకొకరికి తెలియదు. రెండే మీటలు. "ఉంది", "ఖాళీ". ఒక్కరు మాత్రం "ఉంది" అంటే ఆ ఫోటో మళ్ళీ ఆ ఒక్కరికే తిరిగి వస్తుంది, మళ్ళీ చూడమని. అప్పుడూ "ఉంది" అంటే అది వివాదం. ఆ ఒక్కరు తర్వాత జవాబు మార్చుకుంటే వివాదం రద్దవుతుంది; మార్చుకోక వివాదంగా నిలిచిన ఫోటో రెండో చూపు జాబితాకు పోతుంది. అంటే ఇంకా పెద్ద టెలిస్కోపు ఎప్పుడో దాని వైపు తిరిగి, అదేమిటో, ఎంత దూరంలో ఉందో కొలుస్తుంది. ఇక్కడి దాకా బాగానే ఉంది. దీని వెనక తోక ఒకటి కట్టారు మీరు. వివాదం ఒక్కొక్కటి పెరిగినకొద్దీ గది నాణ్యత మార్కు తగ్గుతుంది. మార్కు ఒక గీత కిందికి దిగితే గది మూసి పని ఇంకో ఊరికి ఇస్తారు.

మసకగా ఉన్నదాన్ని ఐదుగురూ చూడగలిగితే అది మసకది ఎట్లా అవుతుందయ్యా? ఒక్కరికే కనబడేదాన్ని వెతకమని పంపి, ఒక్కరికే కనబడితే శిక్ష వేస్తారా?

జనవరి నాటికి పుష్పలత ఖాతాలో ముప్పై ఒక్క వివాదాలున్నాయి. గదిలో మిగతా అందరివీ కలిపి నాలుగు. అందులో నూట పదిహేడో నంబరు ఫోటో మీద దానికి ప్రాణం. ఒక ఆదివారం నోటు పుస్తకంలో పెన్సిలుతో గీసి నాకు చూపించింది. కాగితం మీద ఏమీ కనబడలేదు.

"ఏముంది బిడ్డా ఇండ్ల?"

"పాలగిన్నె కడిగిన నీళ్ళుంటయి జూడు, గా తెలుపు. అంతే ఉంటది. కని గుండ్రంగ లేదు, ఒక దిక్కు కొంచెం గుంజినట్టుంటది. మరకయితె గట్ల గుంజినట్టుండది చిన్నాయినా. చుట్టూ ఏం లేదు. దానికి పక్కూరు కూడ లేదు. ఒక్కతే ఉంది."

ఒక్కటే అనలేదు, ఒక్కతే అన్నది. నాకు నవ్వొచ్చింది.

ముప్పై ఒక్కటి ఎక్కడెక్కడున్నాయో ఆకాశపు అంకెలు వరుసగా అదే పుస్తకంలో రాసుకుంది. ఒక నకలు నిర్మలాదేవి మేడానికి పంపింది.

ఆ వారంలోనే గది చూసే సతీష్ నా దగ్గరికి వచ్చాడు. వెనక సంగీత, ఇంకో ముగ్గురు పిల్లలు. నేను సారపాకలో కాంట్రాక్టు కూలీల సంఘం నడుపుతాను. ఆ గదికి ఆడపిల్లల బాత్రూం కట్టించింది మా సంఘమే. అందుకే వచ్చారు.

"అన్నా, నాకేం పగ లేదు ఆమె మీద," అన్నాడు సతీష్. "పై నుంచి మెయిల్ వచ్చింది. సోమవారం సాయంత్రం లోపల గది వివాదాలు పదికి తగ్గకపోతె గది బంద్. ఆమె పేరు కూడ రాసిన్రు, మూర్ఖంగ ఉంది అనే నొక్కుతుందని."

సంగీత ఆ రోజు జోకులు వెయ్యలేదు. "అన్నా, మా నాయిన నన్ను జామాయిల్ నరకనీకి తోలకుండ ఆపింది గీ పనే. గది మూస్తె రేపట్నించి గొడ్డలే. ఆమెకు కనవడ్డయి నాకు కనవడలే. నేనేం జెయ్యాలె? దొంగతనంగ ఉంది అని నొక్కాల్నా? గదీ తప్పే గదా."

ఆ పిల్ల మాటలో అబద్ధం లేదు. ఇరవై రెండు మంది ఒక వైపు, ముప్పై ఒక్క మరకలు ఒక వైపు. సంఘం నడిపేవాడికి ఎటు ఉండాలో ఆలోచించాల్సిన పని లేదనుకున్నాను. అరగంట కూడా ఆలోచించలేదు.

మా గూడెంలో పంచాయితీ అంటే చేతులెత్తడం కాదు. ఒక్కరు కాదంటే మాట తెగదు. ఆ ఒక్కరి ఇంటి ముందు చాప వేసి, ఊరంతా కూర్చుంటుంది. తిట్టరు, బెదిరించరు. అంబలి తాగుతూ, ఆకు నములుతూ కూర్చుంటారు. ఆ మనిషి సరే అనేదాకా లేవరు. ఒకసారి వాగు పక్క గట్టు తగాదాలో ఒక ముసలామె కోసం నాలుగు రోజులు కూర్చున్నారు. "ఓటేస్తె ఓడినోడు ఇంటికి పొయ్యి ఏడుస్తడు. కూసుంటె ఎవ్వరు ఓడరు," అంటాడు మా అయ్య. ఈ మాట నేను మీటింగుల్లో ఎన్నిసార్లు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నానో లెక్క లేదు.

శనివారం పొద్దున మా అన్న ఇంటి ముందు చాప వేశాను. తండా నుంచి పిల్లలు ఆటోలో వచ్చారు. వాళ్ళది లంబాడీ మాట, మాది కోయ మాట, మధ్యలో తెలుగు పెట్టుకుని కూర్చున్నాం.

పుష్పలత గడపలో నిలబడి అందరినీ చూసింది. "నా కోసమేనా చాప?" అంది.

"నీ కోసమే బిడ్డా, రా, కూసో."

వచ్చి కూర్చుంది. మొదటి రోజంతా వాదించింది. దాని గొంతు నాకు ఇంకా వినబడుతోంది.

"చిన్నాయినా, మన పోడు భూమి ఫోటోల ఫారెస్టోళ్ళు ఏమని రాసిన్రు?"

నేను అంబలి గిన్నె అందుకున్నాను.

"చెప్పు. పై నుంచి ఫోటో తీసి, కాగితం మీద ఏమని రాసిన్రు?"

"ఖాళీ అని."

"ఖాళీ అని. మా నాయిన ఆడ జొన్న యేసిండు. గుడిసె ఉండె, కోళ్ళుండె. నేనాడనే పుట్టిన. నువ్వే గదా ఐదేండ్లు ఆఫీసుల పొంట తిరిగినవ్, ఖాళీ కాదు, మేమున్నం, కండ్లు దెరిచి చూడున్రి అని. గిప్పుడు నన్ను ఖాళీ అని రాయమంటున్నవా?"

ఇక్కడ నేను నోరు మూసుకుని లేచి, చాప చుట్టి పోవాల్సింది. పోలేదు. నాకు మాటలు వచ్చు. అదే నా రోగం.

"ఆడ మనుషులుండిరి బిడ్డా. గీ మరక ఎవరికన్న బువ్వ పెడ్తదా? గీ ఇరవై రెండు మంది పెట్టుకుంటున్నరు తమ బువ్వ తాము. గా మరక ఉంటె ఉంటది, నువ్వు ఖాళీ అని రాస్తె ఆకాశంల నుంచి ఊడి పడ్తదా?"

అందరూ నవ్వారు. సంగీత కూడా నవ్వింది. పుష్పలత నవ్వలేదు. "ఊడి పడదు. మల్ల ఎవ్వరు అటు చూడరు," అంది.

ఆదివారం అది వాదించలేదు. పుష్పలత వాళ్ళమ్మ, మా వదిన, జొన్న గటక వండి పెట్టింది. అందరం తిన్నాం. సంగీత దాని తల దువ్వి జడ వేసింది. ఎంత ప్రేమగా వేసిందో! ఎవరూ గట్టిగా ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం దాటాక మా అయ్య దాని పక్కకు జరిగి, "బిడ్డా, ఇంతమందికి లేదు అన్నది నీ ఒక్కదానికే ఉందంటె, ఒక్కపారి నీ కన్ను గూడ తప్పు జూడొచ్చు గదా," అన్నాడు. మెల్లగా, ముద్దు చేసినట్టే అన్నాడు.

అది తాత ముఖం వైపు చూసింది. గదిని పోగొట్టుకోవడానికి అది సిద్ధంగానే ఉంది, తిట్లు తినడానికీ సిద్ధంగానే ఉంది. తాత తన కన్నునే అనుమానిస్తాడని మాత్రం అనుకోలేదు. మంచినీళ్ళు అడిగింది. తాగింది. "సరే తాతా. తప్పు చూసిన్నేమో," అంది.

చాప ఎత్తాం. ఎవరూ ఓడలేదని అయ్య సంతోషపడ్డాడు. సంగీత దాన్ని కావలించుకుని ఏడ్చింది. నేను సతీష్‌కు ఫోన్ చేసి చెప్పాను, గెలిచినవాడిలాగా.

సోమవారం పుష్పలత ముప్పై ఒక్కసార్లు "ఖాళీ" నొక్కింది. ఆరు ఉంచుకోవచ్చని సతీష్ చెప్పాడట. ఉంచుకోలేదు. "తప్పు చూసే కన్నయితె అన్నీ తప్పే," అన్నదట.

ఆ తర్వాత అది దుప్పటి కప్పుకోలేదు. ఫోటో తెరిచేది, ఖాళీ నొక్కేది, ఇంకోటి తెరిచేది. మార్చి నెలలో గదిలో అందరికంటే మంచి మార్కు దానికే వచ్చింది. కంపెనీ సర్టిఫికెట్ పంపింది. వదిన దాన్ని గోడకు తగిలించింది.

ఏప్రిల్ ఆఖర్లో గది మూసేశారు. ఎందుకంటే, ఆ పిల్లలు నొక్కిన లక్షల జవాబులతో యంత్రానికి నేర్పడం అయిపోయింది. ఇక మనుషులు అక్కర్లేదు. సతీష్ ఉద్యోగమూ పోయింది. సంగీత జామాయిల్ తోటలోకి పోయింది. ఆ ఇరవై రెండు మంది బువ్వ కోసం నేను అమ్మిన కన్ను నాలుగు నెలలు కూడా బువ్వ పెట్టలేదు.

మే నెల తునికాకు కాలం, బీడీలు చుట్టే ఆకు. కల్లంలో ఆడవాళ్ళు ఆకు ఏరి, యాభై చొప్పున కట్టలు కడతారు. చిల్లి ఉన్న ఆకు, మచ్చ ఉన్న ఆకు పక్కన పడెయ్యాలి. నేను కూలీ రేటు మాట్లాడటానికి పోయి ఒక పక్కన నిలబడ్డాను. పుష్పలత వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఉంది. ఒక ఆకు తీసింది, ఎండకు ఎత్తి చూసింది. "అమ్మా, దీని మీద మచ్చ ఉందా?" అంది. "లేదు, కట్టు," అంది వదిన. ఇంకో ఆకు తీసింది. "దీని మీద?" ఇంకో ఆకు. "దీని మీద ఉందా లేదా సూడు." ప్రతి ఆకూ అడుగుతోంది. చుట్టుపక్కల ఆడవాళ్ళకు అప్పటికే అలవాటైపోయినట్టుంది, ఎవరూ తల ఎత్తలేదు. మసక చీకట్లో ఎండుటాకుల మధ్య పువ్వు చూసిన పిల్ల, మిట్టమధ్యాహ్నం ఎండలో చేతిలో ఉన్న ఆకు మీద మచ్చ ఉందో లేదో తల్లిని అడుగుతోంది.

ఎన్ని రోజుల నుంచి ఇట్లా అని వదినను అడిగాను. "చాప ఎత్తినకాడికెల్లి," అంది. నా ముఖం చూడకుండానే అంది.

అదే కల్లానికి రెండు రోజుల తర్వాత నిర్మలాదేవి మేడం వచ్చింది. ఖమ్మం నుంచి బస్సు, సారపాక నుంచి ఆటో, అక్కడి నుంచి నడక. చెమటలు కారుతున్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. సంచిలోంచి ఒక ఫోటో తీసింది.

"పుష్పలతా! ఇటు చూడమ్మా. వేరే దేశం వాళ్ళు వేరే పని మీద ఆ పక్కనే చాలాసేపు ఫోటో తీశారు. ఈ మూల చూడు. నువ్వు నాకు పంపిన అంకెలే ఇవి. దూరం కూడా కొలిచారు. ఖాళీకి నట్టనడుమ ఉంది. మరుగుజ్జు గెలాక్సీ! జనవరిలోనే నువ్వు చూశావమ్మా, అందరికంటే ముందు నువ్వే చూశావు!"

ఫోటోలో నాకూ కనబడింది ఈసారి. తెల్లటి మసక. ఒక వైపు కొంచెం గుంజినట్టుగా.

పుష్పలత చేతులు చీరకు తుడుచుకుని ఫోటో అందుకుంది. దాన్ని నేరుగా చూసింది. తర్వాత తల పక్కకు తిప్పి చూసింది, వెనుకటిలాగా.

"ఇది ఉన్నదా మేడం?" అంది.

"ఉందమ్మా. ఉంది."

"నేను ఖాళీ అని రాసిన."

మేడం ముఖంలో వెలుగు పోయింది. "తెలుసమ్మా. కంపెనీకి రాశాను. వాళ్ళ రికార్డులో ఐదుగురూ ఖాళీ అన్నట్టే ఉందట. ఆఖరి జవాబు ఒక్కటే ఉంచుతారట. అయినా నేను ఊరుకోను, నీ పేరు…"

"పేరొద్దు మేడం. ఒక్కతే ఉండె అది. చూసినదాన్ని నేనొక్కదాన్నే. నేనే లేదన్న." ఫోటో మేడానికి తిరిగి ఇచ్చింది. "మిగిలిన ముప్పై?"

"అటు వైపు ఎవరూ చూడలేదమ్మా. ఇది ఏదో అదృష్టం కొద్దీ…"

"ఆటి తర్వాత కూడ మస్తు నొక్కిన మేడం. కనవడ్డా గూడ నొక్కిన. అవి పుస్తకంల రాసుకోలే. ఎన్నున్నయో నాకు యాదికి లేదు."

అప్పుడు ఏడ్చింది. తునికాకు కుప్ప మీద పడి ఏడ్చింది. మా అయ్య కర్ర పట్టుకుని వచ్చి దాని తల మీద చెయ్యి పెట్టబోయాడు. ఆ చెయ్యి తల దాకా పోలేదు. మధ్యలోనే ఆగిపోయింది.

ఇదీ జరిగింది. రేపు మీ శాస్త్రవేత్తలు లెక్క కట్టి, ఖాళీల్లో గెలాక్సీలు నిజంగానే తక్కువ అని పుస్తకాలు రాస్తారు. అది టెలిస్కోపు తేల్చిన లెక్క కాదు. మా గూడెంలో రెండు రోజులు పరిచిన ఒక చాప తేల్చిన లెక్క. ఎన్ని ఊళ్ళలో ఇట్లాంటి గదులు నడిపారో, ఎన్ని చోట్ల ఒక్క మనిషిని ఎన్ని రకాలుగా కూర్చోబెట్టి ఒప్పించారో మీకే తెలియాలి. మీ యంత్రం నేర్చుకున్నది ఆకాశాన్ని కాదు, మా భయాన్ని.

వినండి. ఆఖరి జవాబు ఒక్కటే ఉంచామని చెప్పకండి. ప్రతి నొక్కుడూ మీ కంప్యూటర్లలో ఎక్కడో ఒక చోట పడి ఉంటుందని సతీష్ చెప్పాడు. ఆ మొదటి జవాబులు బయటికి తియ్యండి. మిగిలిన ముప్పై ఫోటోలనూ రెండో చూపు జాబితాలో పెట్టండి, అంకెలు మా దగ్గర ఉన్నాయి. ఒక్కరు ఉంది అని నలుగురు ఖాళీ అన్న ప్రతి ఫోటోనూ, ఏ ఊరి గదిదైనా సరే, మళ్ళీ తెరవండి. వివాదానికి మార్కు కోసే నియమాన్ని ఈ నెలలోనే చింపెయ్యండి. తర్వాత మీలో ఒకరు, సంతకం పెట్టే హోదా ఉన్న మనిషి, కారు దిగి మా గూడెం దాకా నడిచి రావాలి. పుష్పలత ముందు నిలబడి, నీ కన్ను సరిగ్గానే చూసింది, తప్పు మాది అని నోటితో చెప్పాలి, కాగితం మీద రాసివ్వాలి. నా మాట అది ఇప్పుడు నమ్మదు. నమ్మకూడదు కూడా. మీరే రావాలి. తునికాకు కల్లం ఎత్తేలోపు రండి.